చేతికి తెలిసే రోడ్డు

రేసింగ్ గేములంటే పడిచచ్చే పిల్లలున్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. గేమింగ్ స్టీరింగ్ అని ఫోన్‌లో వెతికితే నాలుగైదు వేలకు ఒకటి కనిపిస్తుంది. పాతిక వేలు దాటినది ఇంకొకటి. యాభై వేలవీ ఉన్నాయి, లక్ష దాటినవీ ఉన్నాయి. ఫొటోలో చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి: గుండ్రటి చక్రం, నాలుగు బటన్లు, కింద పెడళ్లు. ఏది తిప్పినా తెర మీద కారు తిరుగుతుంది కదా, మరి ధరలో ఇంత తేడా దేనికి? పాతిక వేలది కొంటే పని జరుగుతుందా, డబ్బు దండగా?

తిప్పితే కారు తిరగడం చాలా సులువైన పని. చక్రం ఎంత కోణం తిరిగిందో కొలిచి కంప్యూటర్‌కు చెబితే చాలు. నాలుగు వేల రూపాయల స్టీరింగ్ కూడా ఆ మాత్రం చేస్తుంది. మనం పెట్టే డబ్బంతా రెండోవైపు నుంచి వచ్చే కబురు కోసం. తెర మీద కారు టైర్లకు ఏమవుతోందో అది వెనక్కి వచ్చి మన చేతిలోని చక్రాన్ని లాగాలి, వదలాలి, బిగించాలి. దీన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు. ఈ అధ్యాయంలో ఎదురుబలం అనుకుందాం.

మరీ చవక చక్రాల డబ్బా మీద చాలాసార్లు ‘వైబ్రేషన్’ అని ఉంటుంది. అది ఎదురుబలం కాదు. లోపల సెల్‌ఫోన్‌లో ఉండేలాంటి చిన్న మోటారు ఒకటి గరగరలాడుతుంది, అంతే. చక్రాన్ని మధ్యకు తెచ్చేది ఒక స్ప్రింగు, లేదా రబ్బరు తాడు. కారు ఇరవై కిలోమీటర్ల వేగంలో ఉన్నా రెండొందల వేగంలో ఉన్నా, టైరు రోడ్డును పట్టుకుని ఉన్నా జారిపోతున్నా ఆ స్ప్రింగు లాగుడు మారదు. దాన్నిబట్టి రోడ్డు గురించి తెలిసేది ఏమీ లేదు. కాబట్టి ఆ తరగతిని పక్కన పెట్టి, మోటారు చక్రాన్ని నిజంగా తిప్పే వాటిలో అందుబాటు ధరకు దొరికేవాటినే పరీక్షకు పెడదాం. నమూనాగా 2015లో వచ్చిన లాజిటెక్ జీ29ని తీసుకోవచ్చు. ఇప్పటికీ ఎంతోమందికి మొదటి స్టీరింగ్ అదే, లేదంటే దాని అన్నదమ్ముల్లో ఒకటి.

అరచేతి అంత రబ్బరు

ముందు అసలు కారులో స్టీరింగ్ ఎందుకు బరువెక్కుతుందో చూడాలి. అది తెలియకుండా ఏ చక్రం నిజం చెబుతోందో తేల్చలేం.

సైకిల్‌ను సీటు పట్టుకుని ముందుకు నడిపించండి. హ్యాండిల్‌ను ఎవరూ పట్టుకోకపోయినా ముందు చక్రం దానంతట అదే తిన్నగా సర్దుకుంటుంది. అదే సైకిల్‌ను వెనక్కి లాగితే హ్యాండిల్ గిర్రున పక్కకు మడతపడుతుంది. కారణం ముందు ఫోర్కు వాలు. హ్యాండిల్ తిరిగే ఇరుసును ఊహలో నేల దాకా పొడిగిస్తే, అది టైరు నేలను తాకే చోటు కంటే కాస్త ముందు నేలను తాకుతుంది. అంటే టైరు ఆ ఇరుసు వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. వెనక వచ్చేది ముందున్నదాని బాటలోకి సర్దుకోక తప్పదు. కారు ముందు చక్రాలకూ ఈ వాలు ఉంటుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ వదిలితే దానంతట అది తిన్నబడటానికి సగం కారణం ఇదే.

మిగతా సగం టైరులో ఉంది, అసలు విశేషం కూడా అక్కడే. టైరు నేలను అంటుకునే మేర ఎంతో కాదు, దాదాపు అరచేయంత. మలుపులో చక్రం ఒకవైపు చూస్తుంటే కారు కాస్త మరోవైపు పోతుంటుంది. ఈ రెంటి మధ్య తేడా కొద్ది డిగ్రీలే, దాన్ని జారుడు కోణం అందాం. రబ్బరు ఆ అరచేతి మేరలోకి ముందు అంచు నుంచి వచ్చేటప్పుడు వంకర లేకుండా వస్తుంది. వెనక్కి జరిగే కొద్దీ పక్కకు సాగుతుంది. ఎంత సాగితే అంత బలంగా కారును మలుపు లోపలికి నెడుతుంది. కాబట్టి ఆ నెట్టే బలమంతా మధ్యలో ఉండదు, వెనకవైపు ఎక్కువగా పోగుపడుతుంది. మధ్యకు వెనకగా పడిన బలం టైరును తిన్నగా తిప్పాలని చూస్తుంది. ఆ తిప్పుడే రాడ్లలోంచి, పళ్ల చక్రాల్లోంచి పైకి వచ్చి మన చేతికి తెలుస్తుంది. మలుపు బిగిసే కొద్దీ స్టీరింగ్ బరువెక్కుతుంది.

వేగం ఇంకా పెరిగింది, మలుపు ఇంకా బిగిసింది అనుకుందాం. బాగా సాగిన వెనక అంచు రబ్బరు ఇక పట్టలేక జారడం మొదలవుతుంది. ముందు భాగం మాత్రం ఇంకా రోడ్డును పట్టుకునే ఉంది. ఇప్పుడు నెట్టే బలం వెనక నుంచి మధ్యకు జరుగుతుంది. కారును మలుపులో నిలిపే బలం ఇంకా పెరుగుతూనే ఉంది, కానీ చక్రాన్ని తిన్నగా తిప్పే శక్తి తగ్గిపోయింది. ఫలితంగా స్టీరింగ్ చేతిలో తేలికవుతుంది. ఇరుసు వాలు వల్ల వచ్చే భాగం ఉంటుంది కాబట్టి పూర్తిగా వదులు కాదు, కానీ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఈ వరుసను గమనించాలి. టైరు పట్టు శిఖరానికి చేరకముందే స్టీరింగ్ బరువు శిఖరం దాటి కిందికి దిగుతుంది. కారు జారాక కాదు, జారబోయే ముందు చేతికి కబురు అందుతుంది. తెర మీద కారు ముక్కు మలుపు బయటికి పోవడం కంటికి కనిపించే సరికి ఆలస్యం అయిపోయి ఉంటుంది. రేసు డ్రైవరు చేతులతో నడుపుతాడనే మాటకు అర్థం ఇదే. అందుకే నా మటుకు నాకు ఒక ఎదురుబలం స్టీరింగ్ పనికొస్తుందా లేదా అనడానికి కొలత ఒక్కటే: ఆ తేలికయ్యే క్షణం చేతికి తెలుస్తోందా? ఎంత గట్టిగా లాగుతోంది, ఎంత బాగా గరగరలాడుతోంది అనేవి తర్వాతి సంగతులు.

లెక్క నుంచి మోటారు దాకా

దూరాన జరిగేదాన్ని చేతికి తెలియజేయాలన్న ఆలోచన ఆటల కోసం పుట్టలేదు. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో రేమండ్ గోర్ట్జ్ అనే ఇంజినీరు, రేడియోధార్మిక పదార్థాలను మందపాటి గోడకు అవతల నుంచి పట్టుకోవడానికి యంత్రపు చేతులు తయారు చేశాడు. అవతల ఉన్న గాజు గొట్టాన్ని ఎంత గట్టిగా పట్టామో ఇవతల తెలియకపోతే అది పగిలిపోతుంది. అందుకని 1950ల్లో ఆయన విద్యుత్తుతో పనిచేసే చేతులకు, అవతలి బలాన్ని ఇవతలి పిడికి తిరిగి పంపే ఏర్పాటు చేశాడు. 1989లో అటారీ సంస్థ తెచ్చిన హార్డ్ డ్రైవిన్ అనే ఆర్కేడ్ గేమ్ స్టీరింగ్‌లో మోటారు పెట్టి ఇదే పనిని ఆటలో చేసింది.

ఇప్పటి గేములో టైరు ఒక లెక్క. అసెటో కోర్సా లాంటి గేము ఆ లెక్కను సెకనుకు 333 సార్లు చేస్తుంది: ఏ టైరు మీద ఎంత బరువు పడింది, జారుడు కోణం ఎంత, దాన్నిబట్టి స్టీరింగ్ ఎంత బలంతో తిరగాలి. చివరికి మిగిలేది ఒక సంఖ్య. అది యూఎస్‌బీ తీగ వెంట వచ్చి మోటారుకు ఎంత కరెంటు పోవాలో చెబుతుంది. టైరు లెక్క సరిగ్గా లేని గేములో లక్ష రూపాయల చక్రం పెట్టినా తేలికయ్యే క్షణం రాదు, ఎందుకంటే లెక్కలోనే అది లేదు. అందుకే చక్రాన్ని అంచనా వేయాలంటే ముందు టైరు లెక్క బాగున్న గేమును ఎంచుకోవాలి.

అసలు రేసు డ్రైవర్లూ ఇలాంటి చక్రాల మీద సాధన చేస్తారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల రేసు జరిగింది. అది ఆ డ్రైవర్లు అంతకు ముందెన్నడూ పోటీ చేయని వీధుల ట్రాకు. ఇలాంటి కొత్త ట్రాకులకు జట్లు సిమ్యులేటర్ల మీదే సాధన చేసి వస్తాయి. ఆ సిమ్యులేటర్ల మోటార్లు మన ఇంటి చక్రం కంటే ఎన్నో రెట్లు బలమైనవి. కానీ చేతికి పంపే కబురు మాత్రం ఇదే.

పైకప్పుకూ నేలకూ మధ్య

ఇక బలం సంగతి. జీ29 లాంటి చక్రం తిప్పుడు బలం రెండు న్యూటన్ మీటర్లకు కాస్త పైన. చక్రం అడ్డుకొలత సుమారు 28 సెంటీమీటర్లు కాబట్టి, అంచు దగ్గర అది దాదాపు కిలోన్నర బరువు లాగినంత. రెండు చేతులకూ పంచితే ఒక్కో చేతికి ముప్పావు కిలో. 2021లో వచ్చిన ఫనటెక్ సీఎస్ఎల్ డీడీ 5 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. అదే కొలత చక్రానికి బిగిస్తే అంచు దగ్గర మూడున్నర కిలోలు. పవర్ స్టీరింగ్ లేని అసలు రేసు కారులో బలం వీటన్నిటినీ మించి ఉంటుంది.

అంకెలు చూస్తే తక్కువ ధర చక్రం తేలిపోయినట్టే అనిపిస్తుంది. కానీ మన చేయి బరువును తూచే పద్ధతి వేరు. 1834లో ఎర్నెస్ట్ వేబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని బయటపెట్టాడు: చేతికి తెలిసేది తేడా ఎన్ని గ్రాములు అన్నది కాదు, ఉన్నదానిలో ఎన్నో వంతు అన్నది. అరకిలో పట్టుకుని ఉన్నప్పుడు వంద గ్రాములు తీసేస్తే వెంటనే తెలుస్తుంది. పది కిలోల మూట మోస్తున్నప్పుడు అదే వంద గ్రాములు తీసేస్తే తెలియదు. కాబట్టి పెద్ద మోటారులో బలం ఆరు నుంచి నాలుగుకు పడినా, చిన్న మోటారులో ఒకటిన్నర నుంచి ఒకటికి పడినా, చేతికి అది మూడో వంతు తగ్గుదలే. చిన్న మోటారు కూడా నిజం చెప్పగలదు. ఈ తరగతి చక్రాలు అసలు పనికొచ్చేది ఈ ఒక్క కారణం వల్లే.

ఇక్కడ రెండు చిక్కులు ఉన్నాయి, ఒకటి పైన, ఒకటి కింద.

పైన ఉన్నది మోటారు శక్తి హద్దు. గేము నూటముప్పై పాళ్ల బలం అడిగితే మోటారు దగ్గర ఉన్నది నూరే, కాబట్టి నూరే ఇస్తుంది. మలుపు అంచున బలం నూటముప్పై నుంచి నూటఐదుకు పడింది అనుకోండి. టైరు తేలికైంది, కానీ చేతికి ముందూ నూరే, తర్వాతా నూరే. చెప్పాల్సిన ఒక్క మాటా హద్దు మీద తెగిపోయింది. దీన్ని క్లిప్పింగ్ అంటారు. జాతరలో మైక్‌సెట్ సౌండు పూర్తిగా పెంచేస్తే పాటలో హెచ్చుతగ్గులు పోయి మొత్తం ఒకే మోతగా వినిపించినట్టే ఇది. ఇల్లు దద్దరిల్లుతుంది, మాటలు మాత్రం అర్థం కావు. పైకి వింతగా ఉన్నా, తక్కువ శక్తి ఉన్న చక్రానికి గేములో బలం తగ్గించి పెడితేనే అది ఎక్కువ చెబుతుంది. కొన్న కొత్తలో అందరం అందుకు విరుద్ధంగా చేస్తాం: బలం చాలడం లేదని నూటికి నూరు పెట్టేస్తాం.

కింద ఉన్నది రాపిడి. మోటారు చిన్నది కాబట్టి దాని బలాన్ని పళ్ల చక్రాలతో హెచ్చించాలి. జీ29లో రెండు మోటార్లూ ఏటవాలు పళ్ల గేర్ల ద్వారా స్టీరింగ్‌ను తిప్పుతాయి. గేము చాలా తక్కువ బలం పంపినప్పుడు అదంతా గేర్ల రాపిడికే సరిపోతుంది, చేతికి ఏమీ చేరదు. పైగా పళ్ల మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉంటుంది. మన మెకానిక్కులు ‘ప్లే ఉంది’ అనేది దాన్నే. తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ మధ్యలో ఉన్నప్పుడు అది చచ్చుబడినట్టు అనిపించడానికి ఈ రెండే కారణాలు. దీనికి విరుగుడుగా చాలా గేముల్లో కనీస బలం అనే అమరిక ఉంటుంది. రాపిడికి పోయేంత బలాన్ని ముందే కలిపి పంపడం దాని పని. అది మితిమీరితే స్టీరింగ్ మధ్యలో నిలవకుండా అటూఇటూ కొట్టుకుంటుంది.

పళ్లకు బదులు బెల్టు వాడితే ఆ ఖాళీ పోతుంది, చప్పుడు తగ్గుతుంది. 2014లో వచ్చిన థ్రస్ట్‌మాస్టర్ టీ300 అలాంటిది. అదే కంపెనీ టీ150లో బెల్టూ గేరూ కలిపి వాడింది. బెల్టు కాస్త సాగుతుంది కాబట్టి సన్నటి అదుర్లు మెత్తబడతాయి. ఇక డైరెక్ట్ డ్రైవ్ అంటే మోటారు ఇరుసుకే స్టీరింగ్ బిగించడం. మధ్యలో ఏమీ లేదు, కాబట్టి రాపిడి నామమాత్రం, హద్దు చాలా పైన. అది మేలైనదే, సందేహం లేదు. కానీ గేర్ల చక్రంలో కూడా పైకప్పుకూ నేలకూ మధ్య కొంత చోటు ఉంది. టైరు కబురు ఆ చోటులో ఇమిడేట్టు అమర్చుకోగలిగితే అది చేతికి అందుతుంది.

చేతులు పెట్టి చూడటం

కొత్తదైనా, ఎవరో వాడి అమ్ముతున్నదైనా, ముందు కరెంటు ఇవ్వకుండా చూడండి. ఒక చివర నుంచి ఇంకో చివరకు నిదానంగా తిప్పండి. జీ29 అయితే 900 డిగ్రీలు తిరిగే చక్రం కాబట్టి రెండున్నర చుట్లు వస్తుంది. బిగువు అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట వదులై ఇంకోచోట పట్టేస్తుంటే లోపల పళ్లు అరిగాయని అనుమానించాలి. తర్వాత మధ్యలో పెట్టి రెండు వేళ్లతో అటూఇటూ కదపండి. అంచు దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్ల ప్లే గేర్ల చక్రానికి మామూలే. టకటకమని వేళ్లకు కొడుతుంటే ధర తగ్గించమని అడగండి. కరెంటు ఇవ్వగానే చక్రం తన కోణాలు సరిచూసుకోవడానికి దానంతట అదే ఆ చివరకూ ఈ చివరకూ గిర్రున తిరుగుతుంది. అప్పుడు చిన్న పిల్లల వేళ్లు ఊచల మధ్య లేకుండా చూసుకోవాలి.

డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో సెంటరింగ్ స్ప్రింగ్ అనే అమరిక ఉంటే ఆపేయండి. అది ఉంటే పాతిక వేల చక్రం కూడా నాలుగు వేల చక్రంలా ప్రవర్తిస్తుంది.

గేములో మామూలు రోడ్డు కారు ఎంచుకుని, పొడవుగా ఒంపు తిరిగే మలుపులోకి నిలకడ వేగంతో వెళ్లండి. యాక్సిలరేటర్ కదపకుండా స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా లోపలికి తిప్పుతూ పోండి. వేళ్లకు బరువు పెరుగుతుంది, ఇంకా పెరుగుతుంది, ఒకచోట ఆగుతుంది, తర్వాత చక్రం ఊరకే లోపలికి జారినట్టు అనిపిస్తుంది. ఆ వెంటనే కారు మలుపు బయటికి వెడల్పుగా పోతుంది. ఈ వరుస తెలిస్తే చక్రం పాసైనట్టే. బరువు పెరిగి అక్కడే రాయిలా నిలిచిపోయి, హఠాత్తుగా కారు పక్కకు పోతే క్లిప్పింగ్ జరుగుతోంది. అసెటో కోర్సాలో పెడళ్ల పక్కన ఎదురుబలం చూపించే సన్నటి గీత ఉంటుంది, హద్దు తగిలితే ఎర్రబడుతుంది. మామూలు మలుపుల్లో అది ఎర్రబడకుండా, గుంతల్లోనో ఎరుపు తెలుపు అంచుల మీదకు ఎక్కినప్పుడో మాత్రమే తళుక్కుమనేలా బలం తగ్గించుకుని మళ్లీ అదే మలుపుకు వెళ్లండి.

ఆ ఎరుపు తెలుపు అంచులు అమ్మేవాళ్లకు ఇష్టమైన చోటు. చక్రం గడగడలాడుతుంది, చూసేవాళ్లు అబ్బురపడతారు. గేర్ల చక్రంలో ఆ గడగడ పక్క గదిలో పడుకున్నవాళ్లకూ వినిపిస్తుంది. నిజానికి ఆ అదురు చవక వైబ్రేషన్ మోటారు కూడా ఇవ్వగలదు. దాన్నిబట్టి నిర్ణయించకండి.

ఇంకొకటి. తిన్నటి రోడ్డు మీద వేగంగా పోతూ స్టీరింగ్ వదిలేస్తే అది కుడికీ ఎడమకీ ఊగడం మొదలుపెడుతుంది, ఊగుడు అంతకంతకూ పెరుగుతుంది. ఇది చూసి కొత్తవాళ్లు చక్రం పాడైందని కంగారు పడతారు. చక్రం ఎక్కడుందో గేముకు తెలిసి, లెక్క తేలి, మోటారు లాగే లోపే చక్రం ఆ చోటు దాటిపోయి ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన లాగుడు ఆపాల్సిందిపోయి ఇంకాస్త నెడుతుంది. చేతులు ఉంటే వాటి బరువూ కండా ఆ ఊగుడును మింగేస్తాయి. రెండు వేళ్లతో తేలిగ్గా పట్టుకోగానే ఆగిపోతే ఏ ఇబ్బందీ లేదు. ఆగకపోతే బలం తగ్గించండి. డ్యాంపింగ్ అనే అమరికను పెంచినా ఊగుడు పోతుంది కానీ, చక్రం బురదలో తిరిగినట్టు బరువెక్కి మనకు కావలసిన ఆ తేలిక మసకబారుతుంది. నేనైతే ఊగుడునే భరిస్తాను.

అరగంట ఆడాక అదే మలుపుకు ఇంకోసారి వెళ్లి చూడాలి. మోటారు వేడెక్కే కొద్దీ బలం తగ్గే చక్రాలు ఉంటాయి. దుకాణంలో ఐదు నిమిషాలు తిప్పితే ఇది బయటపడదు.

కాలి కింద సగం

చేతి సంగతి ఇంతసేపు చెప్పుకున్నాం కానీ, ల్యాపు సమయం తగ్గేది చాలామటుకు కాలి దగ్గరే. చవక పెడళ్లు ఎంత లోతుకు తొక్కామో కొలుస్తాయి. అసలు కారులో బ్రేకు పెడల్ కొంత దిగాక గట్టిపడుతుంది, ఆపైన లెక్కకు వచ్చేది ఎంత గట్టిగా తొక్కామన్నదే. ఎంత లోతు అన్నదాని కంటే ఎంత బలం అన్నది కాలికి బాగా గుర్తుంటుంది. అందుకే జీ29లో బ్రేకు కింద ఒక రబ్బరు దిమ్మ పెట్టారు, అది తొక్కుడుకు ఎదురు తిరిగి కొంత ఆ అనుభవం ఇస్తుంది. లోడ్ సెల్ ఉన్న బ్రేకు అయితే నేరుగా బలాన్నే కొలుస్తుంది. ప్రతి మలుపుకూ ఒకే చోట, ఒకే బలంతో బ్రేకు వేయడం దానితో త్వరగా అలవాటవుతుంది.

అలా గట్టిగా తొక్కితే మన ఇళ్లలో టైల్స్ నేల మీద రెండు జరుగుతాయి: పెడళ్లు ముందుకు జారతాయి, చక్రాల కుర్చీ వెనక్కి పోతుంది. పెడళ్లను గోడకు ఆనించి పెట్టండి, చక్రాల కుర్చీ బదులు నాలుగు కాళ్ల కుర్చీ వేసుకోండి. స్టీరింగ్ బిగించిన టేబులు ఊగుతుంటే మోటారు బలంలో కొంత టేబుల్‌ను ఊపడానికే పోతుంది. కాబట్టి చేతిలో ఉన్న డబ్బు ముందు కదలని కుర్చీకీ టేబులుకీ పెట్టండి, తర్వాత బ్రేకుకు. పెద్ద మోటారు గురించి ఆలోచించేది ఆ తర్వాతే.